జానెడు ముందుకి

పడవ కొన్నది మా బావ. బాపట్ల దగ్గర తనకి రొయ్యల చెరువులున్నాయి, పక్కనే ఉప్పుటేరు. అందులో తిరగడానికి పదహారడుగుల ఫైబర్ పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో విజయవాడలో దొరికిందని, ట్రాలీతో సహా తెచ్చుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. నాకు పడవల గురించి తెలుసని కాదు. సెలవులో ఉన్నాను, అంతే.

భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున, చెట్టు కింద ఉంది పడవ. అంతకుముందు వారం పడ్డ వాన నీళ్ళు అడుగున నిలిచి ఉన్నాయి. వెనక కింద ఉన్న బిరడా తీస్తే చాలాసేపు కారాయి. బిరడా నా చేతికిచ్చి "జాగ్రత్తగా పెట్టు" అన్నాడు బావ. చొక్కా జేబులో వేసుకున్నాను. అమ్మినాయన కాటా చీటీ చూపించాడు: పడవ, మోటారు, ట్రాలీ అన్నీ కలిపి 760 కిలోలు. ఆ చీటీ కూడా అదే జేబులోకి.

ట్రాలీ ముక్కుని బొలెరో వెనకున్న బాల్, అంటే ఇనప గుండు, మీదికి ఎక్కించాలి. నేను ఒంటిచేత్తో ఎత్తి పెట్టేశాను. "చూశావా, ఎంత తేలిగ్గా ఉందో!" అన్నాడు బావ. నాకూ ముచ్చటేసింది.

బ్యారేజీ మీంచి వెళ్దామనుకున్నాం గానీ, ఇంత తోక పెట్టుకుని ఆ ఇరుకులో ఎందుకులే అని కనకదుర్గ వారధి ఎక్కాం. తాడేపల్లి దాకా అంతా బాగానే ఉంది. మంగళగిరి దాటాక రోడ్డు ఖాళీ అయింది, బావ 65కి తెచ్చాడు. అప్పుడే ఒక బస్సు రయ్యిన పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రాలీ ఒకసారి ఇటు ఊగింది, ఒకసారి అటు. ఆగుతుందిలే అనుకున్నాం, ఆగలేదు. ఒక ఊపుకి మరో ఊపు పెద్దదవుతోంది. పడవ ఒకసారి ఎడమ అద్దంలో కనిపిస్తోంది, మరుక్షణం కుడి అద్దంలో. మధ్యలో బొలెరో వెనకభాగాన్ని ఎవరో రెండు చేతులా పట్టుకుని గుంజుతున్నట్టుంది.

బావ బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని కూర్చున్నాడు. స్పీడు నలభైకి పడ్డాక ఊపు దానంతటదే చచ్చింది. తర్వాత టీ తాగుతూ "నీ ధైర్యానికి దండం బావా" అంటే, "ధైర్యమా పాడా! కాలు బిగుసుకుపోయింది" అన్నాడు. ఆ బిగుసుకుపోవడమే మమ్మల్ని కాపాడింది. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే ముందు బండి ఆగబోతుంది, వెనక ట్రాలీ తోసుకొస్తుంది, రెండూ మడత పడతాయి.

చినకాకాని దగ్గర పాత ఇనుము కొట్టు ఒకటి కనిపిస్తే ఆపాం. బరువులోనే ఏదో తేడా ఉందనిపించింది, అక్కడైతే నేలమీద పెట్టే కాటా ఉంటుంది. కొట్టాయన మా పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ముందెంత బరువుందో చూశారా సార్?" అని అడిగాడు. ట్రాలీ చక్రాలకి ఇటికలు అడ్డం పెట్టి, ముక్కుని బొలెరో నుంచి విప్పి, కాటా మీద చెక్కదిమ్మెలు పేర్చి, బండికి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో దాని మీద ఆనించాం. దిమ్మెల బరువు తీసేస్తే 18 కిలోలు.

"ఎడ్లబండికి వెనక బరువేస్తే ఏమవుద్ది? నొగలు లేస్తాయి, ఎద్దుల మెడకి ఉచ్చు పడుద్ది. ఇదీ అంతేగా" అన్నాడాయన. పడవ ట్రాలీకైతే మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం ముక్కు మీద పడాలి. మా 760కి ఆ లెక్కన 53 నుంచి 76 కిలోలు. పొద్దున నేను ఒంటిచేత్తో ఎత్తి మురిసిపోయింది ఈ లోటునే!

వెనక్కెళ్ళి చూస్తే కారణం కళ్ళెదురుగానే ఉంది. మోటారు ఎలాగూ వెనకే, దాన్నేం చేయలేం. దాని పక్కనే పెట్రోలు క్యాను, లంగరు, తాడు. పైగా పడవని మోసే చెక్క పట్టీలు అయిపోయాక కూడా పడవ వెనకభాగం జానెడు బయటికి వేలాడుతోంది. మోటారు బరువంతా ఆ ఆధారం లేని జానెడు మీదే. అలా రోజుల తరబడి ఉంచితే పడవ అడుగే వంగిపోతుంది.

ముందు క్యాను, లంగరు తెచ్చి పడవ ముందుభాగంలో కట్టాం. కాటా 36 చూపించింది. ఇక పడవే జరగాలి. ముక్కుని మళ్ళీ బొలెరోకి తగిలించాం. విప్పి ఉంచి జరిపితే ట్రాలీ వెనక్కి తిరగబడొచ్చు. ట్రాలీ ముందు, పడవని లాగడానికి తిప్పే విన్చ్ ఉన్న స్తంభం నట్లు వదులు చేసి, దాన్ని జానెడు ముందుకి జరిపి బిగించాం. పట్టీల మీది కార్పెట్ మీద సబ్బు నీళ్ళు పోశాం. నేను విన్చ్ తిప్పుతుంటే బావ, కొట్టాయన, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు వెనకనుంచి తోశారు. కీచుమని ఒక్కో అంగుళం కదిలింది. పడవ వెనక అంచు సరిగ్గా పట్టీల చివరకి వచ్చాక ఆపి, బెల్టులు బిగించి, మళ్ళీ విప్పి తూచాం. 72.

బావకి ఉత్సాహం వచ్చి ఐస్ పెట్టె, టూల్స్ సంచీ కూడా ముందుకే వేద్దామన్నాడు. వద్దన్నాను. ముక్కు మరీ బరువైతే బొలెరో వెనక కుంగుతుంది, ముందు టైర్లు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు. కొట్టాయన డబ్బులు తీసుకోలేదు, "పడవెక్కిస్తే చాలు" అన్నాడు.

ఈసారి ముక్కు ఎత్తడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. కాజ టోల్‌గేటు దాటాక ఒక కంటెయినర్ లారీ మమ్మల్ని దాటింది. ఇద్దరం అద్దాల్లోకే చూస్తున్నాం. పడవ ఏ అద్దంలోనూ కనిపించలేదు, బుద్ధిగా వెనకే ఉంది. అయినా బావ 60 దాటలేదు. గుంటూరు, చేబ్రోలు, పొన్నూరు స్పీడు బ్రేకర్లు, బాపట్ల... నాలుగున్నరకి ఉప్పుటేరు గట్టు మీదున్నాం.

ట్రాలీని వెనక్కి నడిపి నీళ్ళలోకి దించాం. పడవ తేలింది. బావ చెప్పులు విప్పి ఎక్కాడు, నిలబడ్డాడు, కాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆ బిరడా ఏదిరా?"

జేబు తడుముకున్నాను. కాటా చీటీతోపాటు అక్కడే ఉంది.