తేమ మిషన్ ఇచ్చేశాను

మే నెలలో మబ్బు పడితే, రైతుల వడ్లు కొనే మా ఐకేపీ సెంటర్లో అందరికీ టెన్షనే. పొద్దున ఆరింటికి పోయేసరికి కల్లం నిండా వడ్లు, సగం కుప్పల మీద పట్టాల్లేవు. పరకాల దిక్కు నల్లగా ఉంది.

ఇన్నాళ్లూ తేమ చూడడం, టోకెన్లు, ట్యాబ్ ఎంట్రీ, ట్రక్ షీట్ అన్నీ నేనే. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ వచ్చినప్పటి నుంచి రకం చూసే పని కూడా. మా మహిళా సంఘం ఆడవాళ్లు నలుగురున్నా వాళ్లతో సంచులు లెక్కపెట్టించేదాన్ని, అంతే. పోయిన సీజన్లో ఒకామెకు ట్యాబ్ ఇచ్చాను. నిలబడి రెండు నిమిషాలు చూపించి లారీ దగ్గరికి ఉరికాను. ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడి, ఒక రైతు పైసలు ఆగిపోయాయి. ఆయన నన్ను తిట్టాడు, నేను ఆమెను తిట్టి ట్యాబ్ గుంజుకున్నాను. రెండు నిమిషాల్లో ఎవరికి వస్తుంది?

ఈసారి మూడు రోజులు ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె నంబరు కొడుతుంటే ఇంకొకామె పాస్‌బుక్ చూసి పైకి చదువుతుంది. ఇప్పటిదాకా తప్పు పోలేదు.

ఇయ్యాల తేమ మిషన్ మా సంఘంలో అందరికన్నా చిన్నదైన పిల్లకు ఇచ్చాను. కుప్ప పైన కాదు, లోపలి నుంచి నాలుగు చోట్ల తీయమన్నాను. తేమ 17 శాతం దాటితే కాంటా వద్దు, ఎవరొచ్చినా నీ మాటే అన్నాను. అనడానికేం, తేలికే.

పదింటికి వరసకు మరిదయ్యే ఆయన కుప్ప. ఆ పిల్ల మోచేతి దాకా చెయ్యి పెట్టి వడ్లు తీసింది. మిషన్‌లో 19.2. ఇంకో పూట ఆరబోయాలంది. ఆయన సీదా నా దగ్గరికొచ్చాడు.

"ఏం వదినా, నిన్నగాక మొన్నొచ్చిన పోరి చెప్తే ఆగాల్నా? మబ్బు జూడు. నువ్వొక్కసారి చూడరాదు!"

నా చెయ్యి మిషన్ మీదికే పోయింది. మబ్బు నాకూ కనబడుతూనే ఉంది. కానీ ఇప్పుడు నేను చూస్తే రేపటి నుంచి ఆ పిల్లను అడిగేవాడుండడు. పచ్చి వడ్లు పోతే మిల్లు దగ్గర తరుగు గొడవ వేరే. "మిషన్ ఆమె దగ్గరుంది, ఆమెనే అడుగు" అన్నాను. మూతి ముడుచుకొని పోయాడు.

తర్వాత ఆ పిల్ల చేసింది నాకు తట్టని పని. సిమెంటు గచ్చు మీద లోడు పోయి ఖాళీ అయిన జాగా చూసి, ఆయన వడ్లను అక్కడ పల్చగా పరిపించింది. పన్నెండింటికి ఎండ తేలింది. అరగంటకోసారి కాళ్లతో దున్నించింది. నాలుగింటికి 16.8. వాన మొదలయ్యేసరికి ఆయన సంచులన్నీ లారీ మీద ఉన్నాయి. మరిది హమాలీలకు చాయ్ పోయించాడు, నా దిక్కు మాత్రం చూడలేదు.

రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, మిషన్ ఇంటికి తీస్కపోవాల్నా, బీరువాల పెట్టాల్నా?"

"నీ ఇష్టం" అన్నాను.

అరగంటాగి నేనే ఫోన్ చేసి, ఎక్కడ పెట్టావని అడిగాను.