రెక్కలు కాదు, ఒళ్లు చూడాలి

మా పెరట్లో నూరువరహాల చెట్టు మీద వాలే తోక సీతాకోకచిలుకల్ని రెండేళ్లుగా నేను కామన్ రోజ్ అనే రాసుకుంటూ వచ్చాను. నల్లటి రెక్కలు, వెనక రెక్క మధ్యలో తెల్ల మచ్చలు, అంచున ఎర్ర మచ్చలు, అచ్చం పుస్తకంలో బొమ్మే. మొన్న వానలు పడ్డాక అందులో ఒకటి కరివేపాకు చెట్టు దగ్గరికి చేరి, లేతాకు మీద పొట్ట వంచి గుడ్డు పెట్టింది. రోజ్ కరివేపాకు మీద గుడ్డు పెట్టదు కదా! దగ్గరికెళ్లి చూస్తే దాని ఒళ్లు నల్లగా ఉంది.

అది కామన్ మార్మన్ అనే వేరే సీతాకోకచిలుక, ఆడది. వీటి ఆడవాటికి మూడు వేషాలు, ఒకటి మగదానిలాగే ఉంటుంది, ఇంకోటి కామన్ రోజ్‌లా, మరోటి దాని చుట్టం క్రిమ్సన్ రోజ్‌లా. రోజ్‌లు గొంగళిపురుగులుగా తిన్న ఆకుల్లోని విషం వాటి ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి పిట్టలు వాటి జోలికి రావు, ఆ రంగులు వేసుకున్నందుకు విషం లేని మార్మన్ కూడా బతికిపోతుంది. ఈ వేషాల వెనక ఉన్నది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని 2014లో తేల్చారు. ఎంత అద్భుతం!

అందుకే రెక్కలు చూసి పేరు పెట్టేయకండి. రోజ్‌కి తల, పొట్ట పక్కలు కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉంటాయి, మార్మన్ ఒంటి మీద ఆ ఎరుపు ఉండదు. రోజ్ నింపాదిగా ఎగురుతుంది, మార్మన్ కూడా అలాగే ఎగురుతుంది గానీ బెదిరితే చటుక్కున మాయమవుతుంది.

మరి అసలు రోజ్ ఎక్కడ? దాన్ని వెతకాలంటే ముందు దాని గొంగళిపురుగులు తినే ఈశ్వరి తీగని వెతకాలి. సింహాచలం కొండ పక్క పొదల్లో తిరుగుతుంటే మేకలు కాసే తాత ఒకాయన ఎదురయ్యాడు.

"ఈశ్వరి వేరు కావాలా అమ్మా, పాముకాటుకా?"

"వేరొద్దు తాతా, ఆకు చూస్తే చాలు."

ఆయన చూపించిన తీగకి ఎండిన కాయలు విచ్చుకుని, చిన్న చిన్న ఉట్టుల్లా వేలాడుతున్నాయి. సగం కొరికిన ఆకు అడుగున ముదురు ఎరుపు గొంగళిపురుగు, ఒంటినిండా మెత్తటి బుడిపెలు, నడుముకి తెల్ల పట్టీ. కామన్ రోజ్ పిల్ల! క్రిమ్సన్ రోజ్ పురుగుకి ఆ పట్టీ ఉండదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను, అది ఒక్క ఆకుని ఈనె దాకా తినేసింది.

పక్కన మాత్రం వేర్ల కోసం తవ్వేసిన గుంటలు కనిపించి ప్రాణం ఉసూరుమంది. ఆ మొక్కలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మనిషి కిడ్నీలను పాడుచేస్తుంది, పాము కరిస్తే పరుగెత్తాల్సింది ఆస్పత్రికి. వేరు పోతే తీగ పోతుంది, ఆ పురుగుకి ఈశ్వరి కుటుంబం మొక్కలు తప్ప వేరే తిండి లేదు.

ఒక ఉట్టిలో మిగిలిన గింజలు నాలుగు తెచ్చి కుండీలో వేశాను. రెండు మొలిచాయి.