అత్తమ్మ పెదవులు పాటతో కలిసేదాకా: మ్యూజిక్ వీడియో ప్రాజెక్ట్‌లో నా అనుభవం

నిన్న సాయంత్రం ఫైనల్ ప్రాజెక్ట్ వైవా అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. నాలుగు రోజులు పోతే నేనే 'పోనీలే' అనుకుంటాను.

నేను హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ పీజీ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఒక మ్యూజిక్ వీడియో తీసి, ఎడిట్ చేసి, అది ఏ జానర్ (ఏ కోవ వీడియో) అవుతుందో, ఎందుకవుతుందో రాసివ్వడం మా ప్రాజెక్ట్. థియరీ కష్టం కాలేదు. 1981 ఆగస్టు 1న అమెరికాలో మ్యూజిక్ వీడియోల ఛానల్ ఎంటీవీ మొదలవడం, పాటలోని మాటకూ తెరమీది బొమ్మకూ ఉండే సంబంధం గురించి మీడియా పరిశోధకుడు ఆండ్రూ గుడ్‌విన్ చెప్పింది, ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు కట్ వేసేటప్పుడు ఎమోషన్‌కే 51 శాతం విలువివ్వాలన్న హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ లెక్క, అన్నీ వారంలో చదివేశాను. స్క్రిప్ట్ మొదటిసారికే ఓకే అయింది.

పాట మా అత్తమ్మది. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో నాట్లేసేటప్పుడు ఆమె ఒక మాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ పాటను స్టూడియోలో రికార్డ్ చేయించాం. షూటింగ్‌లో ఆ రికార్డింగ్‌ను స్పీకర్‌లో పెడితే అత్తమ్మ దానికి పెదవులు కలిపింది. నిడివి 3 నిమిషాల 48 సెకన్లు, వేగం నిమిషానికి 100 బీట్లు.

కెమెరా రెండు రోజులకు కావాలని రాసిస్తే ఎక్విప్‌మెంట్ రూమ్‌లో ఒక్కరోజుకే ఇచ్చారు. రెండో రోజు ఏదో ఫంక్షన్ కవరేజీకి కావాలన్నారు. హెచ్‌ఓడీ (మా డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం చూపించినా వినలేదు. సగం షూటింగ్ కెమెరాతో, మిగతా సగం నా ఫోన్‌తో ముగించాను. ఇక్కడ పడిన దెబ్బ తర్వాత తెలిసింది.

వైవాకు ముందు జరిగిన మొదటి రివ్యూ రోజు సెమినార్ హాల్లో జూనియర్లు కూడా కూర్చున్నారు. పల్లవి బాగానే పోయింది. రెండో చరణానికి వచ్చేసరికి 'మడి' అన్న మాట వినిపిస్తోంది, తెరమీద అత్తమ్మ నోరు తెరిచే ఉంది. మాట అయిపోయాక పెదవులు కలిశాయి. చివరి చరణంలో ఇంకా ఘోరం. ప్యానెల్‌లో ఒకాయన "ఏమ్మా, డబ్బింగ్ సినిమానా?" అన్నారు. హాలంతా నవ్వింది. నన్నంటే పడేదాన్ని. ఆయన అక్కడితో ఆగలేదు. "పల్లెటూరావిడతో లిప్ సింక్ చేయిస్తే ఇలాగే ఉంటుంది, ఎవరైనా ఆర్టిస్టుని పెట్టుకోవాల్సింది" అన్నారు.

ఆ పాట కట్టింది ఆవిడే. ముప్ఫై ఏళ్లుగా పాడుతున్నదీ ఆవిడే. ఆవిడకు ఆవిడ పాట రాదంటారా?

ఆ రాత్రి అత్తమ్మ ఫోన్ చేసింది. అంతకుముందే వీడియో పంపించి ఉన్నాను. "నేనే తప్పు పాడిన్నా బిడ్డా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

ల్యాబ్‌లో అడిగితే సిస్టమ్ స్లో అన్నారు. ఒక సీనియర్ ప్రతి షాట్‌నీ చేత్తో వెనక్కి లాక్కోమన్నాడు. రెండు రాత్రులు అదే చేశాను. షాట్ మొదట్లో కలిస్తే చివర్లో తప్పుతుంది, చివర్లో కలిపితే మొదట్లో తప్పుతుంది. మూడో రాత్రి విసుగొచ్చి లాగడం ఆపేసి, ఏ షాట్ ఎన్ని ఫ్రేములు (వీడియోలో ఒకదాని వెంట ఒకటి వచ్చే విడి బొమ్మలు) తప్పుతోందో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. పేజీ నిండేసరికి విషయం కళ్లముందుకొచ్చింది. కెమెరా షాట్లేవీ జారడం లేదు. ఫోన్ షాట్లే జారుతున్నాయి. వాటిలోనూ మధ్యాహ్నం తీసినవి కొంచెం, పొద్దుగూకే వేళ తీసినవి బాగా.

ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తానంటుంది కానీ ఆ లెక్క మీద నిలబడదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేమ్‌కు ఎక్కువ సమయం తీసుకుని ఫ్రేములు తగ్గించేస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. మా ఎడిటింగ్ టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములు, మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఫోన్ ఫైలును సమానమైన ఫ్రేములుగా లెక్కపెట్టుకుంటోంది. నాలుగు నిమిషాల టేక్‌లో ఆ తేడా పోగుపడుతూ పోయింది. రెండేళ్ల కోర్సులో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఫైళ్లన్నీ మార్చుకున్నాను. జారడం ఆగింది. మీరైతే షూటింగ్‌కు ముందే ఫ్రేమ్ రేట్‌ను 25 మీద లాక్ చేసే యాప్ వేసుకోండి.

అయినా చెరువుకట్ట మీది లాంగ్ షాట్లలో పెదవులు పాటకంటే ముందే కదులుతున్నాయి. ఈసారి తేడా పెరగడం లేదు, మొదటినుంచి చివరిదాకా మూడు ఫ్రేములే. స్పీకర్ అత్తమ్మ పక్కన ఉంది, నేను నలభై మీటర్ల దూరంలో ఉన్నాను. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది, అంటే ఒక ఫ్రేమ్ కాలంలో పదమూడున్నర మీటర్లు. కెమెరా మైకుకు పాట మూడు ఫ్రేములు ఆలస్యంగా అందింది. నేను ఆ మైకు శబ్దపు వేవ్‌ఫామ్‌నే (శబ్దాన్ని గీతల్లో చూపే బొమ్మ) నమ్మి కలిపాను.

అందుకని వేవ్‌ఫామ్ వదిలేసి పెదవులనే పట్టుకున్నాను. హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన ఓష్ఠ్యాలు గుర్తొచ్చాయి. ప, ఫ, బ, భ, మ. పెదవులు కలవకుండా ఇవి పలకవు. పాటలో 'మడి', 'పైరు', 'బిడ్డ' ఎక్కడొస్తాయో మార్కర్లు పెట్టుకుని, అత్తమ్మ పెదవులు మూసుకున్న ఫ్రేమ్‌ను అక్కడికే తెచ్చాను. వైవాలో ఒక్క ఫ్రేమ్ తప్పు చూపించమని గట్టిగానే అడిగాను. ఎవరూ చూపించలేకపోయారు.

ఎడిటింగ్ కూడా మొదటినుంచి మళ్లీ చేశాను. ముందు డప్పు దెబ్బకొక కట్ వేశాను, అంటే ప్రతి 15 ఫ్రేములకూ ఒకటి. ఇప్పుడు అత్తమ్మ చేతిని చూసి కట్ చేశాను. ఎడమచేతి నారుకట్టలోంచి రెండు మూడు మొక్కలు విడదీసి, బొటనవేలితో బురదలోకి దిగేసి, చెయ్యి పైకి తీసే క్షణం దగ్గర. చేతుల మీద ఒక షాట్ అయితే 22 సెకన్లు కదపకుండా ఉంచాను.

"ఫోక్ అన్నావు, డాన్స్ ఏదమ్మా?" అన్నారు వైవాలో. యూట్యూబ్‌లో వచ్చే జానపదం వీడియోలు చూసి జానర్ అంటే అదే అనుకుంటున్నారు. పొలం మీద డ్రోన్, వరసగా లంగావోణీలు, బీట్‌కో జూమ్. వంగి నాటేసే మనిషి డాన్స్ ఎప్పుడు చేస్తుంది సార్ అన్నాను. పని పాటకు లయ పనిలోంచే వస్తుంది, నా వీడియో కూడా ఆ లయనే పట్టుకుందని చెప్పాను. మొదటి రివ్యూలో అత్తమ్మను అన్నాయన ఏమీ మాట్లాడలేదు. సారీ కూడా చెప్పలేదు.

రాత్రి వీడియో పంపిస్తే అత్తమ్మ మూడుసార్లు చూసిందట. "గిప్పుడు నా నోరే ఉన్నది" అంది.

ఇక నో డ్యూస్ (కాలేజీకి బాకీ ఏమీ లేదన్న సర్టిఫికెట్) మిగిలింది. ఒక మెమరీ కార్డ్ రాలేదని ఎక్విప్‌మెంట్ రూమ్‌లో అంటున్నారు. నేను తిరిగిచ్చినట్టు వాళ్ల రిజిస్టర్‌లోనే వాళ్ల సంతకం ఉంది, ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకున్నాను. సోమవారం పదింటికి అక్కడుంటాను.