ఒక్కసారే తిప్పాను

మంగళవారం, రాత్రి పదింపావు

పొద్దున తొమ్మిదీ ఐదుకి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాను. ఒక్కసారే. వంటింట్లో లైటు తీసేసి, తాళం వేసి, మెట్లు దిగాను. మూడు నెలల క్రితం ఈ పనికే నాకు నలభై నిమిషాలు పట్టేది. నాకున్నది ఓసీడీ అనే జబ్బు. అక్కర్లేని అనుమానం పదే పదే వచ్చి, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది. అందుకే రాసుకుంటున్నాను.

కింద ఆయన బండి తీస్తున్నారు. "ఏవండీ, గ్యాస్ కట్టేశాను కదా?" అని అడగనే అడిగేశాను. ఆపుకుందామనే అనుకున్నాను, కానీ మాట ముందే జారిపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి, "దానికి జవాబు చెప్పనని ఇద్దరం అనుకున్నాం కదా. కష్టంగా ఉందా?" అన్నారు. ఉందన్నాను. "సరే, ఎక్కు" అన్నారు. ఆ "సరే, ఎక్కు" అనడానికి ఆయనకెంత కష్టమైందో ఆయన ముఖంలోనే కనిపించింది.

పన్నెండేళ్ళుగా ఈయన "కట్టేశావు" అని చెబుతూనే ఉన్నారు. రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు, ఎప్పుడూ విసుక్కోకుండా. దేవీచౌక్ దాకా వచ్చాక నా కోసం బండి వెనక్కి తిప్పిన రోజులున్నాయి. ఇంటికెళ్ళి స్టవ్ వీడియో తీసి పంపిన రోజులున్నాయి. ఆయన చెప్పగానే గుండె మీది బరువు దిగిపోయేది. రెండు నిమిషాలు. ఆ తర్వాత, ఆయన సరిగ్గా చూశారా అని కొత్త అనుమానం. చివరికి మా పాప కూడా నేర్చేసుకుంది. స్కూలుకి బూట్లు వేసుకుంటూ, నేను అడక్కముందే "అమ్మా, కట్టేశావు, నేను చూశాను" అంది ఒకరోజు. దాని వయసు తొమ్మిదేళ్ళు. ఆ పూట ఆఫీసులో కూర్చుని 14416కి, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి, ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పని మాటలు తెలుగులో, తెలియని మనిషికి చెప్పుకుని ఏడ్చాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ధైర్యం ఆ ఫోన్‌తోనే వచ్చింది.

అంతకుముందు ఏళ్ళ కిందట ఒకచోట చూపించుకుంటే "మనసు వేరే పని మీదికి మళ్ళించండమ్మా" అని పంపేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు చాదస్తం అన్నారు. ఆఫీసులో పెన్నులు వరసగా పెట్టుకునే అమ్మాయి "నాకూ కొంచెం ఓసీడీ ఉందండీ" అంటుంది. తనకి వరసగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నాకు రెగ్యులేటర్ తిప్పడంలో హాయి ఎప్పుడూ లేదు. తిప్పకపోతే పైవాటాలో ఉండే మామ్మగారు కాలిపోతారేమోనన్న బొమ్మ కళ్ళముందు కదులుతుంది. ఆ బొమ్మని చెరిపేయడానికే తిప్పుతాను.

డాక్టర్ గారు మొదటిరోజు ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పిన మాట మర్చిపోలేను. "మీరు ఆవిడ మీద ప్రేమతోనే జవాబు చెబుతున్నారు. కానీ ఆ జవాబు తిని పెరిగేది జబ్బు." అలాగని ఒక్కరోజులో మానేయమనలేదు. నేను ఒప్పుకున్నాకే, నాతో కలిసే తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా మెట్లు రాశారు. కింది మెట్టు బాత్‌రూమ్ లైటు, పై మెట్టు గ్యాస్. భయం వచ్చేలా ఉండే పని చేయాలి, ఆ తర్వాత భయం పోగొట్టుకునే పని చేయకుండా ఉండాలి. ఈ పద్ధతికి దారి వేసింది విక్టర్ మేయర్ అనే ఆయనట, 1966లో, లండన్‌లో. అంతకుముందు ఈ జబ్బు నయమవుతుందని వైద్యులకే పెద్దగా ఆశ ఉండేది కాదట. నేను ఇంకో యాభై ఏళ్ళు ముందు పుట్టి ఉంటే ఏమయ్యేదాన్నో.

దేవీచౌక్‌లో దిగాను. ఆయన అటు వెళ్ళిపోయారు, నేను కోటగుమ్మం ఆటో కోసం నిలబడ్డాను. నూటికి ఎనభై ఉంది భయం. కట్టేశానని తెలుసు. కానీ తెలిసినా నమ్మకం కుదరదు, అదే ఈ జబ్బు పెట్టే బాధ. 2003లో నెదర్లాండ్స్‌లో చేసిన ఒక ప్రయోగం గురించి డాక్టర్ గారు చెప్పారు. ఏ జబ్బూ లేని విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని మళ్ళీ మళ్ళీ కట్టించి, సరిచూయించారట. చూసినకొద్దీ వాళ్ళ జ్ఞాపకం మీద వాళ్ళకే నమ్మకం తగ్గిందట. గ్యాస్ పొయ్యే! అది విన్నరోజు ఇంటికొచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ గట్టిగా గుర్తుండాలనే కదా అన్నిసార్లు చూశాను.

ఆటో వచ్చింది. ఎక్కాను. వెనక్కి వెళ్ళే ఆటో కాదు.

పదకొండయ్యేసరికి యాభైకి దిగింది. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఫోన్‌లో ఉన్న రెగ్యులేటర్ ఫొటోలు తీసేశాను. 312 ఉన్నాయి. ఇది వచ్చేవారం మెట్టు, ఇవాళే ఎక్కేశాను. ఆ ఫొటోలు ఏనాడూ నన్ను నిమ్మళంగా ఉంచలేదు. ఇది ఇవాళ్టిదా, నిన్నటిదా అని తేదీలు వెతుక్కోవడమే సరిపోయేది.

ఇంకొకటి రాయాలి. ఇది గ్యాస్ కంటే కష్టం. దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు అమ్మవారి గురించి నోటితో అనలేని మాటలు నా మనసులో మెదిలేవి. పాపిష్టిదాన్నని రెండు కార్తీకాలు దీపమే పెట్టలేదు. మైల అనీ, ఒంట్లో బాగాలేదనీ అత్తయ్యకి సాకులు చెప్పాను. డాక్టర్ గారికి చెప్పడానికి మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఆయన ఉలిక్కిపడలేదు. ఇలాంటి పాడు ఆలోచనలు జబ్బు లేనివాళ్ళలోనూ చాలామందికి వస్తాయనీ, పరిశోధకులు 1978లోనే అడిగి చూశారనీ చెప్పారు. జబ్బు లేనివాళ్ళు వాటిని పట్టించుకోక వదిలేస్తారు. నేను భక్తి ఉన్నదాన్ని కాబట్టే జబ్బు నన్ను అక్కడ పట్టుకుందట. ఈ మాట ఏ గుళ్ళోనూ నాకు దొరకలేదు.

మాత్రలు మొదలుపెట్టి ఇది పన్నెండో వారం. సెర్ట్రలిన్. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పేది, మానేద్దామనుకున్నాను. గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చనీ, దిగులుకి ఇచ్చేదానికంటే దీనికి మోతాదు ఎక్కువ కావాల్సి రావచ్చనీ ముందే చెప్పబట్టి ఓర్చుకున్నాను. జబ్బు ఎంత ఉందో కొలిచే పది ప్రశ్నల పరీక్షలో 40కి 27 ఉండేదాన్ని, పోయిన శనివారం 18. పరీక్షలో మార్కులు తగ్గినందుకు సంతోషించడం ఇదే మొదలు.

సాయంత్రం ఇంటికొచ్చాక నేరుగా వంటింట్లోకి పోలేదు. అదీ సరిచూడడమే అవుతుంది. కాళ్ళు కడుక్కుని పాప లెక్కల పుస్తకం దగ్గర కూర్చున్నాను. అది పొద్దున నన్నేమీ అడగలేదు, నాకేమీ చెప్పలేదు. బూట్ల లేసులు కట్టుకుంటూ ఏదో పాట పాడుకుందని ఇప్పుడు గుర్తొస్తోంది.

వంటయ్యాక తొమ్మిదీ నలభైకి మళ్ళీ కట్టేసి వచ్చాను. ఒక్కసారే. ఇది రాస్తున్నంతసేపూ వెళ్ళి చూసిరమ్మని లోపల లాగుతూనే ఉంది. మొదలుపెట్టినప్పుడు అరవై. ఇప్పుడు నలభై, నలభై ఐదు. ఆయన నిద్రపోయారు. లేపి అడగను.