చెరువులోకి మురుగు పోకుండా నిధులు తెచ్చుకున్నాం: నా అనుభవం

మా ఊళ్లో సైడు కాలవలన్నీ చెరువులోకే పోయేవి. స్నానాల నీళ్లు, సబ్బు నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు అన్నీ అందులోకే. తొలకరికి పెంటదిబ్బల మురికి కూడా కొట్టుకొచ్చేది. గొడ్లు తాగే చెరువంతా గుర్రపుడెక్క. వార్డు మెంబరునయ్యాక ఈ ఒక్క పనైనా చేయించాలని పట్టుబట్టాను.

డబ్బెక్కడిదని అందరూ అడిగారు. డబ్బుందన్నాను. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో, 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు మురుగునీటి పనులకు తలసరి రూ.280 వరకు పెట్టారు. అంతకు మించిన ఊళ్లకు రూ.660. మా జనాభా 2,000, అంటే రూ.5.60 లక్షల దాకా వచ్చే వీలుండేది. అందులో 30 శాతం పంచాయతీ తన 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి, అంటే కేంద్రం పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులోంచి, పెట్టుకోవాల్సి ఉండేది. సర్పంచ్ గారు ఇక్కడే వెనకాడారు. ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలన్న నిబంధన చూపించాక సరేనన్నారు. గ్రామసభలో తీర్మానం చేసి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కించాం.

అసలు పేచీ ఎస్టిమేటు దగ్గర వచ్చింది. కాలవ చివర ఇంకుడు గుంత అని రాశారు. మాది నల్లరేగడి. తడిసిందంటే నీళ్లు ఇంకవు, గుంత పొంగి మళ్లీ చెరువులోకే పోతాయి.

"డిజైను అన్నిచోట్లా ఇదేనమ్మా" అన్నారు ఇంజినీరు గారు.

"ఒక్కసారి గొయ్యి తీసి నీళ్లు పోయించండి సార్" అన్నాను.

పోయించారు. మర్నాటికీ నీళ్లు అలాగే నిలిచున్నాయి. అప్పుడు ఎస్టిమేటు మారింది: కాలవకు చెత్త ఆపే జాలీ, తర్వాత పూడిక దిగే తొట్టి, దాని తర్వాత నీళ్లు నిలిచి తేటపడే కుంటలు. పథకంలో వీటికీ వీలుండేది, అడిగేవాళ్లు ఉండాలంతే.

కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకు గొట్టాలు కాలవలోకే పెట్టి ఉన్నాయి. మా కుంటలు వాడకపు నీళ్లకు కట్టినవి, మరుగుదొడ్డి నీళ్లకు కాదు. "మా ఇంటి మీదే పడ్డావేంటి వదినా" అని మాటలు పడ్డాను. అయినా ఆ గొట్టాలు మూయించేదాకా వదల్లేదు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే.

పని మొదలయ్యాక ఫొటోలు, కొలతలు, బిల్లులు మామూలుగానే నడిచాయి. కట్టాక బాగోగులు పంచాయతీవే. తొట్టిలో పూడిక తీయకపోతే కుంటలు త్వరగా పాడవుతాయి. అందుకే వానలకు ముందు పూడిక తీయించే ఖర్చును పంచాయతీ బడ్జెట్‌లో విడిగా రాయించాను.