పానం చెప్పదా?

రాత్రి పదకొండు దాటింది. ఒత్తిగిలి పడుకొని ఫోనులో రాస్తున్నాను కాబట్టి గుండె వేగం నిమిషానికి 79 దగ్గర నెమ్మదిగానే ఉంది. మనసు మాత్రం పొద్దున వదిన అన్న మాట దగ్గరే ఆగిపోయింది. రాసి దించుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

పెళ్లి పత్రిక ఇవ్వడానికి వనపర్తి నుండి వదిన వచ్చింది. చాలా రోజులకు వచ్చిన మనిషి కదా అని, పుంటికూర పప్పు అత్తమ్మ చేస్తే జొన్నరొట్టెలు నేను చేస్తానని ముందుకు వచ్చాను. ఉడుకునీళ్లు పోసి పిండి పిసికి, వంటగట్టు దగ్గర నిలబడి మూడు రొట్టెలు కొట్టాను. నాలుగోది పీట మీద సగం విచ్చుకున్న సమయంలో వాచీ మణికట్టు మీద వణికింది. చూస్తే 128 ఉంది. కాస్త శ్రమ ఎక్కువైతే మంచాన పడేసే జబ్బు నాది, అందుకని గుండె వేగానికి నేను పెట్టుకున్న హద్దు 107, అది దాటితే పని ఆపేయాలి. నియమం ప్రకారం రొట్టెను అలాగే వదిలేసి, పిండి చేతులతోనే కుర్చీలో కూర్చుండిపోయాను. పెంక మీద మూడో రొట్టె మాడుతుంటే అత్తమ్మ వచ్చి తిప్పింది. అప్పుడు వదిన అన్నది: “గడియారం చెప్తెనే అలసట తెలుస్తదా నీకు? పానం చెప్పదా?”

ఆ మాటలో ఎగతాళి లేదు. ఎగతాళి అయితే ఇంత బాధ ఉండేది కాదు, దానికి బదులు చెప్పకుండా ఊరుకోవడం ఇన్నేళ్లలో నేర్చుకున్నాను. వదిన నిజంగా తెలుసుకుందామనే అడిగింది. మండుటెండలో ఉపాధి పనికి పోయి మట్టి గంపలు మోసిన మనిషి, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు చెట్టు నీడకు చేరాలో ఒంటిని బట్టే తెలుసుకుంటూ బతికిన మనిషి, మరదలు మణికట్టు చూసుకొని కూర్చోవడం చూసి ఆశ్చర్యపోయింది. నేను ఏదో గొణిగాను. ఆయన ఫోనులోకి చూస్తూ ఉండిపోయారు. అత్తమ్మ అప్పటికే ఉడికిపోయిన పప్పును మళ్లీ కలిపింది. నా తరఫున ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని ఎదురుచూసిన ఆ అర నిమిషం ఇప్పటికీ గొంతులో అడ్డంగా ఉంది. నా జబ్బు సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పనికి ఎన్ని రోజులు పడిపోతానో చిన్నదానికి సైతం తెలుసు. అయినా ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన ప్రతిసారీ మొదటి నుండి చెప్పుకోవలసిన భారం నా మీదే పడుతోంది. మాట్లాడడానికి శక్తి లేని మనిషే అందరికంటే ఎక్కువ మాట్లాడి ఒప్పించవలసి రావడం అన్యాయమని నాకు అనిపిస్తుంది.

పొద్దున నోటికి రాని జవాబు ఇప్పుడు వస్తోంది. చెప్పదు వదినా. నా పానం ఆ పూటకు ఏమీ చెప్పదు. ఎల్లుండి చెబుతుంది.

అది నాకు కురుమూర్తి గుట్ట మీద తెలిసింది. 2021 మే నెలలో కోవిడ్ వచ్చి తగ్గిన తరువాత ఆరు నెలలైనా ఒళ్లు కోలుకోలేదు. పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయని, పడుకుంటే ఒళ్లు మొద్దుబారుతుందని, రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడవాలని ఒక డాక్టరు గారు చెప్పారు. ఆ మాట మీద గౌరవంతోనే నడిచాను. ఆ కార్తీకంలో ఉద్దాల ఉత్సవానికి అందరం కురుమూర్తికి వెళ్లాం. పేదల తిరుపతి అని మా వైపు పిలుచుకునే ఆ గుట్టకు నేను పెళ్లయిన కొత్తలో ఒకసారి వెళ్లాను, మళ్లీ అదే వెళ్లడం. స్వామివారి పాదరక్షలైన ఉద్దాలను వడ్డెమాన్ నుండి ఊరేగింపుగా తెస్తుంటే డప్పుల మోత గుట్ట కింద దాకా వినిపించింది. జనం, దుమ్ము, బొమ్మల దుకాణాలు, గుడారాల ముందు రాళ్ల పొయ్యిల మీద ఉడుకుతున్న కూరల వాసన, అన్నీ నాకు గుర్తున్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు అత్తమ్మ మూడుచోట్ల కూర్చున్నది, నేను ఒక్కచోట కూడా కూర్చోలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నా, ఆరు నెలల తరువాత అందరితో సమానంగా నడుస్తున్నానన్న సంతోషంలో దానిని లెక్క చేయలేదు. పైకి చేరి దండం పెట్టుకున్నప్పుడు నా జబ్బు పోయిందనే అనుకున్నాను. ఇంటికి వచ్చి మరునాడు జాతర బట్టలన్నీ ఉతికి ఆరేశాను. ఆ రాత్రి కూడా బాగానే అన్నం తిన్నాను.

మూడోనాడు పొద్దున నీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను. చేయి పైకి లేచింది గాని గ్లాసు బరువుకు వణికి కిందికి వచ్చేసింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంటే చిన్నది తన ఓణీ తెచ్చి కిటికీకి కట్టింది. అయిదు వారాలు ఆ గదిలోనే ఉన్నాను. గుట్ట ఎక్కడానికీ పడిపోవడానికీ మధ్య ఒక మంచి రోజు ఉండడం వల్ల ఆ రెండింటికీ సంబంధం ఉన్నదని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. జాతర తిండి పడలేదన్నారు. దిష్టి తగిలిందని అత్తమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఈ జబ్బు అసలు లక్షణమే అదని, శ్రమ చేసిన పన్నెండు గంటల నుండి రెండు రోజుల లోపు ఎప్పుడైనా దెబ్బ పడవచ్చునని, ఒకసారి పడితే రోజులో వారాలో లేవనీయదని చాలా కాలానికి గాని చదవలేదు. ఎం.ఇ. అనీ సి.ఎఫ్.ఎస్. (దీర్ఘకాలిక అలసట జబ్బు) అనీ పిలిచే దీనికి క్రమంగా పెంచే వ్యాయామాన్ని వైద్యంగా ఇవ్వకూడదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ తన మార్గదర్శకాలను మార్చినది 2021 అక్టోబరు 29న. నేను గుట్ట ఎక్కడానికి కొద్ది రోజుల ముందే. ఆ తేదీ చదివిన రోజు చాలాసేపు ఏడ్చాను. డాక్టరు గారి మీద కోపం కంటే, ఆ మాట మా దాకా చేరడానికి ఇంత కాలం పట్టిందే అన్న దుఃఖం ఎక్కువగా ఉండింది.

వాచీ ఆ తరువాతే వచ్చింది. పొద్దున లేవకముందు పడుకొని చూసిన లెక్క, ఏడు రోజుల సగటు, నాకు 76. దానికి పదిహేను కలిపితే వచ్చే 91 లోపల రోజులో ఎక్కువ భాగం గడపాలన్నది అమెరికాలోని వర్క్‌వెల్ ఫౌండేషన్ వారు చెప్పే పద్ధతి. 220లో నుండి వయసు తీసి అందులో నూటికి అరవై వంతులు పట్టడం రోగులు వాడుకునే ఇంకొక లెక్క. నలభై ఒకటికి 107 వస్తుంది. రెండూ అంచనాలే. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి గుండె వేగమే మారిపోతుంది కాబట్టి ఈ లెక్కలు అలాగే పనికిరావు. పొద్దుటి 76 కాస్తా 84, 86 అయిందంటే ఆ రోజు ఏ పనీ పెట్టుకోను. ఈ కొద్దిపాటి లెక్కతోనే రెండేళ్లుగా గది పాలు కాకుండా నెట్టుకొస్తున్నాను. అందుకే వదిన ప్రశ్నకు నా దగ్గర తిరుగులేని జవాబు ఉన్నదని మధ్యాహ్నం దాకా అనుకున్నాను.

రెండు గంటల పాటు పడుకొని లేచాక ఒక అనుమానం వచ్చింది. మూడు రొట్టెలకే 128 ఎందుకు వెళ్లింది? నిలబడితే నాకు 96 దాకా వెళుతుంది, చేతులు ఆడిస్తే ఇంకొంత పెరుగుతుంది, ఎండ వేడి కొంత కలుపుతుంది. ఎంత కలిపినా 128 రాదు. మిగిలిన పిండి ముద్ద ఒకటి ఉంటే, బీరువాలో పడి ఉన్న ఛాతీ బెల్టు తీసి, తడిచేసి కట్టుకొని, చేతికి వాచీ కూడా ఉంచుకొని ఒకే ఒక రొట్టె కొట్టాను. అరచేయి పీట మీద పడుతున్నంతసేపు వాచీ 131 చూపించింది. అదే సమయంలో ఛాతీ బెల్టు చూపించినది 102. చేయి ఆపి పిండి దులుపుకోగానే వాచీ అంకె కూడా నూటికి దిగివచ్చింది.

వాచీ కొలిచినది నా గుండెను కాదు, నా రొట్టె దరువును. వాచీ వెనుక ఉన్న ఆకుపచ్చ వెలుతురు చర్మం కింద రక్తం కదలికను చూసి లెక్క కడుతుంది. చేయి ఒకే లయలో అదురుతూ ఉంటే ఆ అదురునే నాడి అనుకుంటుంది. ఛాతీ బెల్టు గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది కాబట్టి చేతి పనికి అంతగా మోసపోదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ బెల్టు వదిలేశాను. ఈ ఎండలకు రవికె కింద దాని అంచు ఒరుసుకొని, రొమ్ముల కింద చెమటకాయలు లేచి, రాత్రి పౌడరు చల్లుకున్నా మంట తగ్గక ఏడుపు వచ్చేది. పొద్దస్తమానం కట్టుకోవలసిన వస్తువును చేసేవాళ్లు, చీర కట్టుకొని పొయ్యి దగ్గర పనిచేసే ఆడమనిషి ఒంటిని ఒక్కసారైనా తలచుకొని ఉంటారా అని ఆ కోపం గంటసేపు పోలేదు. బట్టలు ఉతకడం, చట్నీ నూరడం, రొట్టె కొట్టడం, మా పనులన్నీ చేతుల పనులే. సరిగ్గా ఆ పనుల దగ్గరే మణికట్టు లెక్క తప్పుతుంది.

అంటే ఈ రోజు మటుకు వదినే గెలిచింది. నేను ఆగవలసిన అవసరం అంతగా లేదు. 102 అంటే 107 లోపలే కదా, ఆ నాలుగో రొట్టె నేనే పూర్తిచేసి ఉండవచ్చు. ఈ ఆలోచన వచ్చినప్పటి నుండి మనసు వేరే వైపు తిరిగింది. ఆ పూట నా ఒళ్లు నిజంగా ఏం చెప్పిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కాళ్లు బరువెక్కాయా? ఊపిరి అందలేదా? ఏమీ గుర్తు రాలేదు. నేను ఒంటిని అడగనే లేదు. అంకె చూశాను, కూర్చున్నాను. నేనే కాదు, ఇల్లంతా అలాగే అయింది. చిన్నది జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకొని వచ్చి, “అమ్మా, ఇప్పుడెంత?” అని అడుగుతుంది. డెబ్బైలలో, ఎనభైలలో ఉంటేనే దువ్వెన చేతికిస్తుంది. తొంభై అంటే ఏమీ అనకుండా నానమ్మ దగ్గరకు వెళుతుంది. తల్లిని అడగడానికి ముందు అంకె అడగడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. అది గుర్తొచ్చినప్పుడు వాచీ తీసి దిండు కింద పెట్టేశాను.

పది నిమిషాల్లో మళ్లీ పెట్టుకున్నాను. వదిన వెళ్లిపోయాక నేను కుర్చీలో కదలకుండా కూర్చొని, ఆమెకు చెప్పవలసిన మాటలన్నీ లోపల చెప్పుకుంటూ ఉన్న సమయపు గీతను ఫోనులో చూశాను. చేయి ఒడిలోనే ఉంది, కదలిక లేదు, దరువు లేదు. ఇరవై అయిదు నిమిషాల పాటు 108కి తగ్గలేదు. రొట్టెల కంటే ఆ కోపం నా మీద ఎక్కువ భారం వేసింది, అది కూడా నా ఒళ్లు నాకు చెప్పలేదు. కాబట్టి వదిన మాటను పూర్తిగా ఒప్పుకోలేను. అలాగని పొద్దుటిలా పూర్తిగా కాదనలేను కూడా. చిన్నదాని బడి ఫీజుల లెక్క చూసిన రోజున గుండె 80 దాటదు, తల మాత్రం రెండు రోజులు పనిచేయదు. వాచీకి అందనివి అలా ఎన్నో ఉన్నాయి. రేపటి నుండి అంకె చూడకముందు ఒకసారి ఒంటిని అడిగి, ఎంత ఉండవచ్చునో అనుకొని, ఆ తరువాత చూద్దామనుకుంటున్నాను. వంటింట్లో ఉన్నంతసేపు మాత్రం బెల్టు కట్టుకుంటాను. కింద మెత్తటి నూలు గుడ్డ మడతపెట్టి చూడాలి, తడి తగలవలసిన చోటు వదిలేసి.

ఇంకొక సంగతి రాయడం మరిచాను. ఇందాక మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే, అటక మీద ఉండవలసిన పాత ఒంటి గ్యాసు పొయ్యి నేల మీద, గోడ పక్కన ఉంది. దుమ్ము తుడిచి, ట్యూబు మార్చి, దాని ముందు పీట వేసి ఉంది. వెనకటి రోజుల్లో అందరూ కూర్చునే రొట్టెలు కొట్టేవారు కదా. డెబ్బై ఏళ్ల మనిషి అటక మీదినుండి దానిని ఎలా దించిందో, ఎవరి చేత దింపించిందో నాకు తెలియదు. అత్తమ్మ దాని గురించి నాతో ఏమీ అనలేదు. పొయ్యి పక్కన జొన్నపిండి డబ్బా, చేతికి అందేటట్టు పెట్టి ఉంది.