ఫొటో కింద ఎవరి మాట?

ఆదివారం, నల్లగొండ

పొద్దున్నే గడియారం సెంటర్‌కు పోయి బడి పిల్లలు తీసిన ఫొటోలు ప్రింట్ వేయించుకొచ్చాను. కొన్ని డిసెంబరులో వాళ్ల వాడల్లో తీసినవి, కొన్ని మొన్న జాన్‌పహాడ్‌లో సైదులు దర్గా దగ్గర ఏటా జరిగే ఉర్సు జాతరలో తీసినవి. స్టూడియో పిల్లగాడు ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకున్న అవ్వ, కొంగు తల మీదికి లాక్కుని, ఊదు పొగలో కళ్లు మూసుకుని ఉంది. "ఈ అవ్వ మనోళ్లామె లెక్కనే ఉంది గద సార్, దర్గాకెందుకు పోయింది?" అన్నాడు.

ఫొటో ఒక్కటే చేతికిస్తే ఇంతే. చూసినవాళ్లు తమ మనసులో ఉన్నదే దాని మీద రాసుకుంటారు. అందుకే పిల్లలకు ముందే షరతు పెట్టాను: కింద ఉండేది ఫొటో తీసినవాళ్ల మాట కాదు, ఫొటోలో ఉన్నవాళ్ల మాట. రాసింది వాళ్లకు చదివి వినిపించాలి, వద్దంటే తీసేయాలి. ఒక ముస్లిం చిచ్చా ఇంట్లో చిచ్చమ్మ ముఖం తీయొద్దంది. తీపి మలీద ముద్దలు చేస్తున్న చేతులే తీసుకొచ్చారు. ముఖం లేని లోటు ఆ ఫొటోలో నాకు కనిపించలేదు.

అవ్వ మాట చదివాను: "నాకు పిల్లలు కాకుంటే మా అత్త సైదులుకు మొక్కింది. కొడుకు పుట్టిండు, గా పేరే పెట్టి కందూరు చేసినం. ఇప్పుడు మనుమని కోసం వచ్చిన." కందూరంటే మొక్కు తీరినందుకు పెట్టే విందు. పిల్లగాడు కాసేపు ఆగి, "మా మేనమామ పేరు గూడ సైదులే సార్" అన్నాడు. మా దిక్కు హిందువుల ఇండ్లలో సైదులు, సైదమ్మ ఎంతమందో! ఆ పేరు ఎట్లా వచ్చిందో ఇంట్లో ముసలోళ్లను అడిగేవాళ్లే తగ్గిపోయారు.

నా మనసు దోచింది మాత్రం చర్చికి పోయే ఒక పిల్ల తీసిన ఫొటో. నల్ల లుంగీ, మెడలో అయ్యప్ప మాలతో పక్కింటి కరెంటాయన నిచ్చెన మీద ఉన్నాడు. పళ్ల మధ్య టేపు ముక్క, చేతిలో ఎర్ర కాగితపు క్రిస్మస్ నక్షత్రం. పిల్ల వాళ్లమ్మ నిచ్చెన పట్టుకుని ఉంది. కింద ఆమె మాట: "స్వామీ, జర ఎడమకు." క్లాసులో నేను చెప్పే పాఠాలన్నీ ఒకెత్తు, ఆ టేపు ముక్క ఒకెత్తు.

మధ్యాహ్నం లాలా దీన్‌దయాళ్ ఫొటోలు తిరగేశాను. 1844లో మీరట్ దగ్గరి సర్ధనలో జైనుల ఇంట పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ముసవ్విర్ జంగ్ బిరుదు ఆ నిజాం ఇచ్చిందే. మహబూబ్‌నగర్‌కు పేరొచ్చిందీ ఆ నిజాం మీదనే. ఫొటోల్లో రాజసమంతా ఉంది. ఆ దొరల పక్కన నిలబడ్డ నౌకరు మనసులో ఏముందో చెప్పేవాళ్లు మాత్రం లేరు. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

వచ్చే నెల పిల్లలను ఆలంపురం తీసుకుపోవాలని ఉంది. నవబ్రహ్మ ఆలయాల దగ్గరే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. రెండు చోట్లా పొద్దున తలుపు తీసి ఊడ్చేవాళ్లతో మాట్లాడించాలి. సాయంత్రం ఒక తండ్రి ఫోన్ చేసి, "మా పిల్లను అసుంటి జాగాలకు తోలను సార్" అన్నాడు. ఆయన భయం ఆయనది, కొట్టిపారేయలేను. రేపు బడి వదిలాక ఫొటోలు పట్టుకుని వాళ్లింటికి పోతాను. నేనేం మాట్లాడను, వాళ్ల పిల్లనే చదివి వినిపించమంటాను.